కొబ్బరి సద్ది – పాత బియ్యపు కథ

తెలంగాణమున బతుకమ్మ పండుగ తొమ్మిది దినములు జరుగును. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో ఆరంభమై, ఆశ్వయుజ శుద్ధ అష్టమినాడు సద్దుల బతుకమ్మతో ముగియును. ఆ చివరినాడు స్త్రీలు ఐదు విధములైన సద్దులు కట్టుకొని చెరువుగట్టునకు పోవుదురు. పెరుగు సద్ది, చింతపండు సద్ది, నిమ్మకాయ సద్ది, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది. బతుకమ్మను నీటిలో విడిచిన పిమ్మట అందరును గట్టుమీద కూర్చుండి వాటిని పంచుకొని తినుట ఆచారము. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో ఈ పండుగ చేయని ఊరు ఉండదు. ఈ మూడు జిల్లాలును 2016లో ముఖ్యముగా పాత ఓరుగల్లు జిల్లానుండి ఏర్పడినవే.

సద్ది యనగా ముందుగా వండి, చల్లారిన పిమ్మట తినెడి అన్నము. కోస్తా జిల్లాలవారు దీనినే చద్ది యందురు. కృష్ణుడు గొల్లపిల్లలతో కూడి చల్దులు ఆరగించిన ఘట్టమును తెనుగు చేసిన పోతన ఇంటిపేరు బమ్మెర. ఆ పేరుగల గ్రామము జనగామ జిల్లాలో పాలకుర్తికి చేరువలో నున్నది. ఆ ఘట్టములో కృష్ణుని ఎడమచేత పెరుగన్నపు ముద్ద, వ్రేళ్ల సందులలో ఊరగాయలు కనబడును. పెరుగన్నము ముద్దగా నుండవచ్చును, ఉండవలెను కూడ. కొబ్బరి సద్ది సంగతి వేరు. దానిలో మెతుకునకు మెతుకు అంటుకొనరాదు. విరుగరాదు. సాయంకాలమునకు రాయివలె బిరుసెక్కరాదు. ఈ మూడు నియమములును పాటించుట ఎట్లు అని అడిగినచో, సమాధానములో సగము మాత్రమే వంటయింటిలో దొరకును. మిగిలిన సగమునకై పొలమునకు, గుమ్మికి, చెరువునకు, రైలుదారికి పోవలసి యుండును.

మొదట గింజలోని సంగతి చూతము. బియ్యములో నూటికి సుమారు 80 పాళ్లు పిండిపదార్థము. ఇది రెండు విధములు. ఒకటి అమైలోజ్, దీని అణువులు పొడవైన దారములవంటివి. రెండవది అమైలోపెక్టిన్, దీని అణువులు తుమ్మచెట్టువలె కొమ్మలు రెమ్మలుగా చీలియుండును. ఎసరు 65 మొదలు 75 డిగ్రీల సెంటీగ్రేడు వేడిని అందుకొనుసరికి గింజలోని పిండిరేణువులు నీటిని పీల్చి ఉబ్బును. అప్పుడు కొంత పిండిపదార్థము గింజనుండి బయటకు జారును. ఎక్కువ భాగము గంజిలో కలియును. మిగిలినది మెతుకుపైన పూతవలె నిలిచి జిగురగును. ఈ పూతలో అమైలోపెక్టిన్ ఎంత యెక్కువయైన జిగురు అంత యెక్కువ. లావోస్ దేశీయులు, అస్సామువారు ఇష్టపడి తినెడి జిగట బియ్యములో అమైలోజ్ ఇంచుమించు శూన్యము. మన సన్నబియ్యములో నూటికి 20 మొదలు 25 పాళ్లవరకు నుండుట సాధారణము. 25 దాటినచో అన్నము వేడిగా నున్నప్పుడు పువ్వువలె విచ్చుకొనును గాని చల్లారగానే గట్టిపడును. ఏలయన అన్నము చల్లారునప్పుడు అమైలోజ్ దారములు ఒకదానిప్రక్క నొకటి సర్దుకొని, నీటిని విడిచి, బిగుసుకొనును.

అయితే ఒకే పొలములో పండిన ఒకే రకపు బియ్యము క్రొత్తదైనప్పుడు ముద్దగాను, పాతదైనప్పుడు పొడిపొడిగాను వండబడుట ప్రతి గృహిణికిని తెలిసిన విషయమే. అమైలోజ్ పాలు మారలేదు గదా, మరి ఏమి మారినది? నిలువయున్న గింజలో నెమ్మదిగా కొన్ని మార్పులు జరుగును. కొవ్వు కొంత విడిపోయి ఆమ్లములుగా మారి పిండిపదార్థముతో ముడిపడును. మాంసకృత్తుల అణువులు ఒకదానితో నొకటి గట్టిగా బంధింపబడును. కణముల గోడలు బలపడును. ఇట్టి గింజ ఎక్కువ నీటిని త్రాగియు పగులదు. పిండిని బయటకు తక్కువగా వదలును. మార్పులో చాలభాగము మొదటి మూడు నాలుగు నెలలలోనే జరుగును. ఆ తరువాతయు కొంత సాగును.

ఇప్పుడు పంచాంగము చూడుడు. వానకాలపు వరి కార్తీక మార్గశిర మాసములలో ఇల్లు చేరును. యాసంగి పంట చైత్ర వైశాఖములలో వచ్చును. సద్దుల బతుకమ్మనాటికి పొలములోని వరి ఇంకను పచ్చగా నుండును, లేదా ఈనుచుండును. ఇంటిలో నున్నవి గత వానకాలపు వడ్లు అయినచో వాటి వయస్సు పది నెలలు. యాసంగివి అయినచో నాలుగైదు నెలలు. అనగా ఆ పండుగకు క్రొత్త బియ్యము దొరకుట కల్ల. సంక్రాంతి సంగతి దీనికి సరిగా ఎదురు. అప్పుడు ఇంటినిండ క్రొత్త బియ్యమే యుండును గనుక, ఓరుగల్లు ప్రాంతమువారు వాటిని నానబెట్టి పిండిచేసి సకినాలు చుట్టుదురు. జిగురున్న పిండి తెగక చక్కగా తిరుగును. ఏ పండుగకు ఏ వంట తగునో ఎవరును గ్రంథము చదివి నిర్ణయింపలేదు. గుమ్మిలో ఏమి యున్నదో దానినిబట్టి ఏర్పడినదని నా అభిప్రాయము.

కాని ఆశ్వయుజమాసమువరకు గుమ్మిలో వడ్లు మిగులుట అందరి ఇండ్లలో జరిగెడిదా? ఇది వంటకు సంబంధించిన ప్రశ్న కాదు, చరిత్రకు సంబంధించినది.

ఈ నేలపై వరి పండుటకు చెరువులే ఆధారము. జనగామ మెట్ట, మహబూబాబాదు, భూపాలపల్లి వైపు అడవులు, వాగులు. కాకతీయుల కాలమున వాగులకు అడ్డుకట్టలు వేసి చెరువులు నిర్మించుట ఒక పెద్ద ఉద్యమముగా సాగినది. గణపతిదేవుని సోదరి మైలాంబ 13వ శతాబ్ది మొదటి భాగమున త్రవ్వించిన చెరువు, ఆమె శాసనము మహబూబాబాదు జిల్లా బయ్యారమున కలవు. కాకతీయుల వంశక్రమము తెలిసికొనుటకు చరిత్రకారులకు ఆ శాసనము ముఖ్యాధారమైనది. భూపాలపల్లి జిల్లాలోని గణపురమున కోటగుళ్లు, వాటికి చేరువనే పెద్ద చెరువు నున్నవి. గుడి కట్టిన చోట చెరువు, చెరువున్న చోట వరిమడి. చెరువు నిండినదా లేదా అనుదానిపై ఊరి బ్రతుకు నిలిచియుండెడిది. బతుకమ్మను చెరువులోనే విడుచుట, సద్దులు చెరువుగట్టుననే తినుట ఇందుచేత సహజముగా తోచును.

రాజధానిలో సన్నబియ్యమునకు ఎట్టి గౌరవ ముండెనో క్రీడాభిరామమును చదివినచో తెలియును. వినుకొండ వల్లభరాయని పేరుతో నున్న ఆ వీథినాటకములో ఓరుగంటి పూటకూటి యింటి భోజనము వర్ణింపబడినది. రూక చెల్లించినవానికి అచట వడ్డించిన వాటిలో మొదటిది కప్పురభోగి యను సన్నబియ్యపు అన్నము. పరదేశమునుండి వచ్చినవాడు డబ్బిచ్చి తినదగిన విశేషముగా కవి దానిని చెప్పినాడు. పల్నాటికి పోయినపుడు జొన్నకూడు తప్ప సన్నన్నము దొరకలేదని శ్రీనాథుడు మొఱపెట్టుకొన్నట్లు చాటువులు చెప్పుచున్నవి. కవులకు అది మొఱ. రైతుకూలీలకు అది దినచర్య. తెలంగాణ పల్లెలలో నిన్నమొన్నటివరకు ప్రతిదినపు తిండి జొన్నగటుక, మక్కగటుక, జొన్నరొట్టె. వరియన్నము పండుగనాటి మాట.

వరి పండించినవారికే వరియన్నము కరువగుట వింతగా కనబడును. కారణము నేలలో లేదు, నేలపై హక్కులో నున్నది. కౌలు పోగా, అప్పు పోగా, రెండవ ప్రపంచ యుద్ధకాలమున నైజాము ప్రభుత్వము వసూలు చేసిన లెవీ ధాన్యము పోగా, కల్లములో మిగిలినది కొద్ది. వానకాలము వచ్చుసరికి ఆ కొద్దియు అయిపోయి, షావుకారు ఇంటినుండి నాగుకు వడ్లు తెచ్చుకొని, పంట రాగానే ఎక్కువ కొలిచి తీర్చవలసి వచ్చెడిది. 1940వ దశకమున పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ కౌలుకు దున్నిన పొలములోని పంటను విసునూరు దేశముఖు కోసికొనిపోవ జూచినప్పుడు, సంఘము కార్యకర్తలు అడ్డుపడి ఆ పంటను ఆమె ఇంటికి చేర్చిరి. అప్పుడు నల్లగొండ జిల్లాలో నుండిన జనగామ తాలూకాలో రైతాంగపోరాటము రగులుకొనుటకు అది ఒక ముఖ్య ఘట్టము. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పులలో మరణించెను. ఆ తరువాతి చరిత్ర అందరును ఎరిగినదే.

కాబట్టి పాత బియ్యము వయస్సు మాత్రమే కాదు, స్తోమతు కూడ. పది నెలలు ధాన్యమును నిలువ చేయగలిగిన యింట సద్ది పొడిపొడిగా వచ్చెడిది. లేనివారింట సద్దులు ఉండెడివి కావని కాదు. మక్కజొన్న, సజ్జ పిండితో చేసిన సత్తుపిండి, రొట్టెను బెల్లముతో నలిపిన మలీదముద్దలు నేటికిని బతుకమ్మకు పెట్టుచున్నారు. ఆ ముద్దలలో వరిగింజ లేదు. చరిత్ర వ్రాయువారు వాటిని గమనింపవలెను.

ఈ స్థితి మారిన తీరు త్వరగా చెప్పుదును. 1966లో ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐ.ఆర్. 8 అను పొట్టి వంగడమును విడుదల చేసెను. దిగుబడి విపరీతముగా పెరిగినది గాని, అమైలోజ్ అధికముగా నున్నందున ఆ అన్నము చల్లారగానే బిరుసెక్కెడిది. సద్దికి అది పనికిరాదు. 1986లో బాపట్లనుండి వచ్చిన సాంబ మసూరి, అనగా బి.పి.టి. 5204, ఈ కొరతను తీర్చినది. మెతుకు సన్నము, చల్లారినను మృదువు. ఇంచుమించు అదే కాలమున, మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా నాందేడ్ గ్రామపు చిన్నరైతు దాదాజీ ఖోబ్రగడే తన మడిలో వేరుగా కనబడిన కొన్ని వెన్నులను 1983లో గుర్తించి, వాటినుండి ఒక సన్నరకమును వేరుచేసెను. దానికి ఆనాటి ప్రసిద్ధ చేతిగడియారపు పేరు, హెచ్.ఎం.టి., అని పెట్టిరి. ఆ బియ్యమును తెలంగాణ విపణివీథులలో నేటికిని పేరుచెప్పి అడిగి కొనుచున్నారు. 2018లో ఆయన చనిపోవునాటికి ఆ వంగడమువలన ఆయనకు ధనము మాత్రము చేకూరలేదు.

1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము రాగా జొన్న తినెడి ఇండ్లలో వరియన్నము నిత్యభోజనమైనది. 2025లో తెలంగాణ ప్రభుత్వము చౌకదుకాణములలో సన్నబియ్యము నిచ్చుట ప్రారంభించినది. కప్పురభోగి నాటినుండి చూచినచో ఇది చిన్న మార్పు కాదు. అయితే మరపట్టిన వెంటనే చేతికందిన బియ్యము క్రొత్తదో పాతదో కొనువానికి తరచు తెలియదు. సన్నబియ్యము కూడ క్రొత్తదైనచో ముద్ద కట్టును. తప్పు బియ్యముది కాదు, వయస్సుది.

ఇక కొబ్బరి. వరి ఈ గడ్డపైనిదే; కొబ్బరి మాత్రము దూరపు చుట్టము. కొబ్బరిచెట్టు సముద్రతీరమున, తేమగాలిలో, నీరు నిలువని ఇసుకనేలలో బాగుగా పెరుగును. ఓరుగల్లు మెట్టనేలలలో తోటలుగా పెరుగదు. అందుచేత పూర్వము ఇచటికి పచ్చికొబ్బరికంటె ఎండుకొబ్బరి చిప్పలు, అనగా కుడుకలు, వచ్చుట సులభము. ముదురు పచ్చికొబ్బరిలో ఇంచుమించు మూడవవంతు నూనె, సగమునకు కొంచెము తక్కువ నీరు. కుడుకలో నూటికి 60 పాళ్లకు మించి నూనె, నీరు అయిదారు పాళ్లు మాత్రమే. నీరు లేనందున తేలిక. బూజు త్వరగా పట్టదు. బండ్లమీద నెలలు ప్రయాణము చేసినను చెడదు. తెలంగాణములో కామునిపున్నమకు పిల్లల మెడలో చక్కెరపేర్లతోబాటు కుడుకలదండ వేయుట, పెండ్లిలో కుడుకలు పంచుట నేటికిని చూచుచున్నాము. సముద్రమునకు దూరమైన దేశపు ఆచారములు ఇట్లే యుండును.

పచ్చికాయ రాకకు రైలు తోడ్పడినది. సికిందరాబాదునుండి నైజాము రైలుమార్గము 1886లో ఓరుగల్లు చేరెను. 1889లో బెజవాడ వరకు పోయెను. జనగామ, మహబూబాబాదు రెండును ఈ దారిలోని స్టేషనులే. అట్లు డెల్టా ప్రాంతపు సరకు ఒకరోజు ప్రయాణములోనికి వచ్చినది. భూపాలపల్లి రైలుదారికి ఎడము. అచటికి ఓరుగల్లునుండి బండి, తరువాత లారీ. నేటి పచ్చికొబ్బరి సద్ది ఈ రైలుదారి వెంబడి వ్యాపించినదని ఊహించుట అసంగతము కాదు. కుడుకను తురిమి చేసిన సద్ది కూడ కొన్ని ఇండ్లలో కలదు. దాని రుచి వేరు. అది ఎక్కువ సేపు నిలుచును.

వండు విధానమునకు వత్తము. ఒక గ్లాసెడు పాత సన్నబియ్యమును రెండు మూడు మారులు మృదువుగా కడిగి, 20 నిమిషములు నానబెట్టవలెను. నానిన గింజ లోపలివరకు సమముగా తడియును గనుక పైన పగిలి లోపల పలుకుగా నుండదు. అత్తెసరు పెట్టువారు పాతబియ్యమునకు రెండు గ్లాసుల నీరు, క్రొత్తబియ్యమునకు ఒకటిన్నర గ్లాసు పోయవలెను. క్రొత్తబియ్యమే గతియైనచో గంజి వార్చుట మేలు. విస్తారమైన ఎసరులో వండి, మెతుకు ఇంకను కొంచెము పలుకు మీద నుండగనే వార్చినచో, జిగురుపదార్థము గంజితోబాటు పోవును. ఆవిరికి మిగిలిన పలుకు తీరును. పిమ్మట అన్నమును వెడల్పాటి తాంబాళములో పలుచగా పరచి చల్లార్చవలెను. వేడియన్నమును గరిటెతో కలుపరాదు. అమైలోజ్ బిగుసుకొనువరకు మెతుకు మెత్తనిదే. గరిటె తగిలిన విరుగును, విరిగినచోట జిగురు పుట్టును.

మూకుడులో నూనె వేడిచేసి శనగపప్పు, మినపపప్పు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు, కరివేపాకు పోపు పెట్టి, చిప్పెడు కొబ్బరితురుము వేసి సన్నని సెగపై వేయించవలెను. తురుము ఎర్రబడ నక్కరలేదు. చేతికి తడి తగులకుండుట చాలును. తురుములోని నీరు అన్నములోనికి పోయినచో మెతుకులు అంటుకొనును. పదిమంది చేయు పొరపాటు ఇదియే. తగినంత ఉప్పు కలిపి, చల్లారిన అన్నముపై చల్లి, చేతివ్రేళ్లతో క్రిందినుండి పైకి తిరుగవేయవలెను. కొబ్బరినూనె మెతుకుపైన సన్నని పొరయై ఒకదానినుండి మరియొకదానిని వేరుగా నుంచును. దానిలోని కొవ్వుఆమ్లములు మెతుకుపై నున్న అమైలోజ్‌తో కొంత ముడిపడి జిగురును ఇంకను తగ్గించును. ఈ నూనె సుమారు 24 డిగ్రీలకు దిగువన గడ్డకట్టును గనుక శీతకాలపు ఉదయమున ఈ అన్నము బిరుసుగా తోచును. సింహళములో బియ్యమును కొబ్బరిపాలతో ముద్దగా ఉడికించి పలకలుగా కోయు కిరిబత్ అను శుభకార్యపు వంట కలదు. బియ్యము అదే, కొబ్బరి అదే. అచట జిగురే గుణము.

గంజిని గురించి ఒక మాట చెప్పక తప్పదు. పొడిపొడి అన్నమునకు మనము చెల్లించు మూల్యము అందులో నున్నది. తవుడు పూర్తిగా తీసి, పలుమార్లు కడిగి, గంజి పారబోసినచో బి విటమినులలో చాలభాగము పోవును. 1890వ దశకమున జావాద్వీపములో ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు తెల్లబియ్యము మేసిన కోళ్లకు బెరిబెరివంటి వ్యాధి వచ్చుటను గమనించెను. 1929లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. మన ఉత్తర సర్కారు జిల్లాలు ఒకప్పుడు ఈ వ్యాధికి పేరుపడినవి. 1918లో కూనూరులో బెరిబెరిని పరిశోధించుటకు మొదలైన చిన్న ప్రయోగశాలయే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, జాతీయ పోషకాహార సంస్థయైనది. తెలంగాణపు పేదకు ఆ వ్యాధి అంతగా తగులకుండుటకు గటుకలోని జొన్న కొంత కారణమై యుండును. వార్చిన గంజిని ఉప్పు వేసి త్రాగుట, పప్పులో పోయుట పాతవారి అలవాటు. అది మానరాదు.

సద్ది ఎంతసేపు నిలుచును? ఐదు సద్దులును ఒకే విధముగా నిలువవు. చింతపండు, నిమ్మరసము, పెరుగు పులుపుగల వస్తువులు. పులుపులో సూక్ష్మజీవులు సులభముగా పెరుగవు. కొబ్బరి సద్దిలో పులుపు లేదు. తడి, తీపి, కొవ్వు మాత్రము కలవు. బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి బీజములు మరుగు నీటిలోను చావవు. అన్నము గోరువెచ్చగా గంటలతరబడి మూతక్రింద నున్నచో అవి మొలకెత్తి, తిరిగి వేడిచేసినను నశింపని విషమును పుట్టించును. 1970వ దశకపు ఆరంభమున ఇంగ్లండులో చైనావారి భోజనశాలలలో ముందురోజు వండి నిలువయుంచిన అన్నమును వేయించి వడ్డింపగా పలువురికి వాంతులు కలుగుటతో దీని సంగతి విస్తారముగా తెలిసినది. కాబట్టి బతుకమ్మనాడు కొబ్బరి సద్దిని అన్నిటికంటె చివర, మధ్యాహ్నము దాటిన పిదప కలుపవలెను. పూర్తిగా చల్లార్చి గాని డబ్బాలో మూయరాదు. గట్టుమీద అన్నిటికంటె ముందు దానినే పంచవలెను. పులిహోర రాత్రివరకు ఆగగలదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. క్రొత్తబియ్యము, పాతబియ్యము సమముగా తూచి, రెండు గాజుపాత్రలలో సమమైన నీటితో సమమైన సేపు ఉడికించి గంజిని వేరుచేయుడు. ఏది చిక్కగా నున్నదో కంటికే తెలియును. రెండింటిని ఒకే మోతాదున నీటితో పలుచచేసి, ఒక్కొక్క చుక్క అయొడీను ద్రావణము వేయుడు. పిండిపదార్థము ఎక్కువగా జారిన గంజి చిక్కని నీలిరంగు నొందును. పాతబియ్యపు గంజి పలుచని నీలముగానే యుండును. జిగటబియ్యము దొరికినచో దాని గంజికి కూడ ఒక చుక్క వేసి చూడుడు. అది నీలమునకు మారు ఎర్రమట్టి రంగున తేలును.